ఇనుప కొండల పక్కన పాలిపోయే పైరు: మొక్క ఇనుమును ఎలా మోస్తుంది, ఎక్కడ దాస్తుంది

ఓబుళాపురం కొండల్లో ఇనుప ఖనిజం ఉందని రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ కొండలున్న అనంతపురం జిల్లాలోనే ఖరీఫ్ వేరుశనగ విత్తిన నెల రోజులకు, ముసురు పట్టి వదిలాక, కొన్ని చేలల్లో చిగురాకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇంకా ముదిరితే పూర్తిగా తెల్లబడతాయి. వ్యవసాయాధికారులు దీన్ని ఇనుప ధాతు లోపం అంటారు. పైరు ఫొటోలు ఫోనుల్లో తిరుగుతాయి. యూరియా చాలలేదని ఒకరు, వేరుకుళ్లు అని ఇంకొకరు, ఇనుప లవణమైన అన్నభేది కొట్టాలని మరొకరు చెబుతారు. ఎర్రమన్నుకు ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల కదా, అలాంటి నేలలో ఇనుము లోపం ఎలా వస్తుందన్న సందేహం మాత్రం అలాగే ఉండిపోతుంది.

మరోవైపు రేషన్ బియ్యంలో ఇనుము కలపడం మీద, సజ్జలు, రాగుల్లో ఉన్న ఇనుము మీద చర్చ నడుస్తోంది. ఒకటి పొలం సంగతి, ఇంకొకటి కంచం సంగతి. కానీ రెండు చోట్లా చిక్కు ఒకటే. ఇనుము ఎంత ఉందో కొలిచి ఊరుకుంటే ఏదీ తేలదు. అది ఏ రూపంలో ఉంది, దేనితో జతకట్టి కదులుతోంది, చివరికి ఎక్కడ చేరింది అన్నవి తెలిస్తేనే రెండింటికీ సమాధానం దొరుకుతుంది.

నేలలో టన్నులు, పైరుకు గ్రాములు

ముందు ఒక చిన్న లెక్క. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో ఇనుము 3 శాతం అనుకుందాం. అంటే 27 టన్నులు. ఇక ఆకు, కాండం, కాయ అన్నీ కలిపి ఎకరాకు 2 టన్నుల ఎండు బరువున్న వేరుశనగ పైరు వచ్చిందనుకుందాం. కిలోకు సగటున 150 మిల్లీగ్రాముల ఇనుము చొప్పున చూస్తే ఆ పైరు మొత్తానికి కావలసింది 300 గ్రాములు. ఆ 27 టన్నులు ఇలాంటి 90,000 పంటలకు సరిపోవాలి. అయినా ఒక్క పంటకే చాలకుండా పోతోంది.

దీనికి కారణం ఇనుము రూపంలో ఉంది. నేలలో ఇనుము ప్రధానంగా రెండు రూపాల్లో దొరుకుతుంది. రెండు ధన ఆవేశాలున్న ఫెర్రస్ ఇనుము నీటిలో కరుగుతుంది. మూడు ఆవేశాలున్న ఫెర్రిక్ ఇనుము గాలి తగిలే నేలలో ఆక్సిజన్‌తో, నీటితో కలిసి తుప్పుగా మారి మట్టి రేణువులకు అంటుకుపోతుంది. ఎర్రనేలకు రంగు ఇచ్చేది ఈ తుప్పే. వేరు దగ్గరకు నీరు ఎంత పారినా తుప్పు దానితో పాటు రాదు.

నేల ఆమ్లంగా ఉంటే తుప్పు కొంత కరుగుతుంది, క్షారంగా ఉంటే కరగదు. ఈ తేడా కొద్దిపాటిది కాదు. ఉదజని సూచిక, అంటే పీహెచ్, ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే మోతాదు సుమారు వెయ్యి రెట్లు పడిపోతుంది. పీహెచ్ 6 ఉన్న నేలతో పోలిస్తే పీహెచ్ 8 ఉన్న నేలలో పది లక్షల రెట్లు తక్కువ. అందుకే ఎర్రనేల అంతటా ఈ జబ్బు కనిపించదు. సున్నం శాతం ఎక్కువున్న చోట, నల్లరేగడిలో, ఒకే చేనులో సున్నపు గడ్డలు తేలిన పట్టీల్లో పైరు పాలిపోతుంది. తాడిపత్రి, బేతంచెర్ల, కడప బండలతో ఇళ్లకు నేల పరుచుకున్న ప్రాంతం మనది. ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలసింది కూడా సున్నపురాయి కోసమే. ఆ రాయి అరిగి మట్టిలో కలిసిన చోట పీహెచ్ 8 దాకా ఉండటంలో వింత లేదు.

మరి ముసురు పట్టిన తర్వాతే ఎందుకు ముదురుతుంది? వాన నీరు మట్టిలోని గాలి సందులను నింపేస్తుంది. వేర్లు, సూక్ష్మజీవులు విడిచే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక ఆ నీటిలో కరుగుతుంది, సున్నంతో కలిసి బైకార్బొనేట్ అవుతుంది. బైకార్బొనేట్ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు మింగేస్తుంది. వేరుశనగ వేరు ఇనుమును కరిగించుకోవడానికి వదిలేది ఆమ్లాన్నే కాబట్టి దెబ్బ సరిగ్గా అక్కడే పడుతుంది. నేల ఆరి గాలి ఆడాక చాలా చేలల్లో కొత్త ఆకు మళ్లీ పచ్చగా వస్తుంది. అప్పటిదాకా కొట్టిన మందులన్నింటికీ ఆ ఫలితాన్ని కట్టబెట్టడం అన్నిసార్లూ సరికాదు.

వేరు దగ్గర రెండు పద్ధతులు

కరగని ఇనుమును లోపలికి తెచ్చుకోవడానికి మొక్కలు రెండు పద్ధతులు పాటిస్తాయని జర్మన్ శాస్త్రవేత్తలు రోమ్‌హెల్డ్, మార్ష్నర్ 1986లో వర్గీకరించారు.

మొదటిది వేరుశనగ, కంది, పత్తి, టమాటా, చీనీ వంటి మొక్కలది. ఇనుము చాలడం లేదని తెలియగానే వేరు కొన ప్రోటాన్లను బయటికి నెట్టి తన చుట్టూ ఉన్న మట్టిని కాస్త ఆమ్లంగా మారుస్తుంది. తర్వాత వేరు పొర మీద ఉండే ఒక ఎంజైమ్ ఫెర్రిక్ ఇనుముకు ఒక ఎలక్ట్రాన్ అందించి దాన్ని ఫెర్రస్‌గా మారుస్తుంది. ఆ ఫెర్రస్ ఇనుమును పొరలోంచి లోపలికి దాటించడానికి మరో ప్రోటీన్ ఉంటుంది. ఐఆర్‌టీ1 అని పిలిచే ఈ ప్రోటీన్‌ను 1996లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో గుర్తించారు. సున్నపు నేలలో ఈ వరుసలోని మొదటి అడుగే తప్పిపోతుంది. వదిలిన ఆమ్లం వదిలినట్టే ఖర్చవుతుంది.

రెండో పద్ధతి గడ్డిజాతి పైర్లది: జొన్న, సజ్జ, మొక్కజొన్న, వరి, గోధుమ, బార్లీ. ఇవి మ్యుజినిక్ ఆమ్లం కుటుంబానికి చెందిన పదార్థాలను వేర్ల నుంచి వదులుతాయి. ఆ పదార్థం ఫెర్రిక్ ఇనుమును ఉన్న రూపంలోనే పట్టుకుంటుంది, ఆ జంటను వేరు కలిపి లోపలికి తీసుకుంటుంది. వరి, ఓట్స్ వేర్లు ఇలాంటి పదార్థాలను వదులుతున్నాయని జపాన్‌కు చెందిన టకాగి 1976లో చూపించారు. పీహెచ్ ఎక్కువున్నా ఈ పద్ధతి పెద్దగా దెబ్బతినదు. అలాగని గడ్డిజాతి పైర్లన్నీ ఒకే రకం కావు. బార్లీ ఈ పదార్థాన్ని ధారాళంగా వదులుతుంది. జొన్న, వరి తక్కువగా వదులుతాయి. అందుకే మరీ సున్నపు నేలలో జొన్న కూడా పాలిపోవడం చూస్తాం.

వరిది ప్రత్యేకమైన కథ. అది రెండో పద్ధతి పాటిస్తూనే ఫెర్రస్ ఇనుమును నేరుగానూ తీసుకోగలదు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద నీరు నిలిచిన మడిలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి తుప్పు దానంతటదే ఫెర్రస్‌గా మారి కరుగుతుంది. అదే మట్టిలో పొడిగా పోసిన నారుమడి మాత్రం తెల్లబారుతుంది. నీరు పెట్టి నిలిపితే కొన్నాళ్లకు కోలుకుంటుంది. నేలా మారలేదు, విత్తనమూ మారలేదు. మారింది గాలి ఆడటం ఒక్కటే.

ఈ రెండు పద్ధతులు ఒక చేనులో కలిస్తే ఏమవుతుందన్నది నాకు ఎంతో ఆసక్తి కలిగించే విషయం. ఉత్తర చైనాలోని సున్నపు నేలల్లో విడిగా వేసిన వేరుశనగ పాలిపోతుంటే, మొక్కజొన్న సాళ్ల పక్కన వేసిన వేరుశనగ పచ్చగా ఉండటాన్ని అక్కడి పరిశోధకులు గమనించారు. మొక్కజొన్న వేర్లు వదిలిన పదార్థం ఇనుమును కరిగించి పట్టుకుంటే దాన్ని వేరుశనగ కూడా వాడుకుంటోందని తర్వాత తేలింది. మన దగ్గర వేరుశనగలో ఎక్కువగా కనిపించే అంతరపంట కంది. అది గడ్డిజాతి కాదు, ఈ పదార్థాలను వదలదు. కందికి ఉన్న మేళ్లు వేరు, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ సున్నం తేలిన పట్టీల్లో సజ్జ, జొన్న సాళ్ల ప్రభావాన్ని రాయలసీమ నేలల మీద పరీక్షించి చూడవలసిన అవసరం ఉంది.

రకాల మధ్య కూడా తేడా ఉంది. హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ రూపొందించిన ఐసీజీవీ 86031 అనే వేరుశనగ రకం ఇనుము లోపాన్ని బాగా తట్టుకుంటుంది. చీనీ తోటల్లో ఈ తేడా అంటు కింద దాగి ఉంటుంది. పైన ఉన్న సాత్‌గుడి రకం ఒకటే అయినా, రంగపూర్ నిమ్మ వేరుమూలం, అంటే అంటు కట్టిన కింది మొక్క, సున్నపు నేలను ఓర్చుకున్నంతగా కొన్ని ఇతర వేరుమూలాలు ఓర్చుకోలేవు.

ఒంటరిగా తిరగనివ్వని లోహం

వేరు దాటితే కష్టాలు తీరవు. కణంలో ఇనుము విడిగా ఉంటే ప్రమాదం. జీవక్రియల్లో సహజంగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఫెర్రస్ ఇనుము కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన పదార్థాన్ని పుట్టిస్తుంది. అది పొరలను, ప్రోటీన్లను, డీఎన్ఏను కూడా దెబ్బతీస్తుంది. మరోపక్క పీహెచ్ కాస్త మారినా ఇనుము అక్కడికక్కడే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. అందుకే మొక్క ఇనుమును ఎక్కడికి పంపినా ఏదో ఒక పదార్థాన్ని తోడిచ్చి పంపుతుంది.

వేరు నడిమికి చేరే దారిలో అంతశ్చర్మం అనే కణాల వరుస ఉంటుంది. వాటి గోడలకు నీరు చొరని కాస్పేరియన్ పట్టీ ఉండటం వల్ల లోపలికి పోయే ఏ ఖనిజమైనా కణాల గుండానే పోవాలి. లోపలికి ఎంత పంపాలో మొక్క ఇక్కడ అదుపు చేస్తుంది. ఆ తర్వాత నీటిని పైకి మోసే దారువులోకి ఇనుము చేరుతుంది. అక్కడ దానికి తోడు సిట్రేట్, అంటే నిమ్మకాయకు పులుపునిచ్చే ఆమ్లపు రూపం. దారువులోని ద్రవం కొద్దిగా ఆమ్లంగా ఉంటుంది కాబట్టి ఫెర్రిక్ ఇనుము సిట్రేట్‌తో కలిసి కరిగిన స్థితిలోనే ఆకుదాకా పోతుంది. దీన్ని పైకి లాగేది ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీరు ఎక్కువ ఆవిరయ్యేది విచ్చుకున్న పెద్ద ఆకుల నుంచి. ఇనుము ఎక్కువ అవసరమయ్యేది ఇంకా విచ్చుకోని చిగురుకు, గింజకు. ఈ రెండూ నీటిని పెద్దగా ఆవిరి చేయవు. వాటికి ఇనుము అందాలంటే చక్కెరను మోసే పోషక కణజాలం గుండా పోవాలి. ఆ ద్రవం పీహెచ్ 7.5 దాటి ఉంటుంది. అందులో ఇనుము ఒంటరిగా ఉంటే తుప్పుగా పేరుకుపోవలసిందే. అక్కడ తోడుండే ముఖ్య పదార్థం నికోటియానమైన్. దీని విలువ ఒక టమాటా మొక్క వల్ల బయటపడింది. క్లోరోనెర్వా అని పిలిచే ఆ రకం నికోటియానమైన్‌ను తయారు చేసుకోలేదు. దాని ముదురాకుల్లో ఇనుము అవసరానికి మించి పేరుకుంటుంది, చిగురాకులు మాత్రం ఇనుము లేక పాలిపోతాయి. నికోటియానమైన్ ద్రావణాన్ని ఆకులకు అందిస్తే పచ్చబడతాయి. ఆ మొక్కలో ఇనుముకు కొరత లేదు, దాన్ని చిగురుదాకా చేర్చే తోడుకే కొరత.

పొలంలో ఆకును చూసి లోపాన్ని పోల్చుకోవడం దీనివల్లే సాధ్యమవుతోంది. నత్రజని పోషక కణజాలంలో సులువుగా కదులుతుంది. అది తక్కువైతే మొక్క ముదురాకుల నుంచి లాగి చిగురుకు ఇచ్చుకుంటుంది, కాబట్టి ముందు కింది ఆకులు పసుపెక్కుతాయి. ఇనుము అంత తేలికగా కదలదు, కాబట్టి ముందు చిగురు పాలిపోతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. చీనీలో జింకు లోపం కూడా కొత్త ఆకుల్లోనే కనిపిస్తుంది. కానీ అప్పుడు ఆకులు చిన్నవై సన్నబడతాయి, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడతాయి. ఇనుము లోపంలో ఆకు పరిమాణం జింకు లోపంలో తగ్గినంతగా తగ్గదు, పాలిపోయిన ఆకు మీద సన్నని పచ్చ ఈనెల వల కనిపిస్తుంది. సున్నపు నేలలో రెండూ కలిసి రావడం మామూలే.

అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, చల్లినప్పుడు తుంపర పడిన చోట ఆకు పచ్చని చుక్కలుగా మారి మిగతాది పసుపుగానే ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఆకు మీద పడిన ఇనుము పక్కకు ఎంత తక్కువగా పోతుందో ఆ చుక్కలే చెబుతున్నాయి. ఎకరాకు 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది కలిపితే అందులో ఇనుము సుమారు 200 గ్రాములు. దానికి కాస్త నిమ్మ ఉప్పు కలపడం ఫెర్రస్ తుప్పు పట్టకుండా కరిగి ఉండటానికి. అదే అన్నభేదిని సున్నపు నేలలో మట్టికి వేస్తే త్వరలోనే ఫెర్రిక్‌గా మారి, ముందున్న 27 టన్నుల్లో కలిసిపోతుంది. ఈడీడీహెచ్ఏ అనే రసాయనంతో జతకట్టిన ఇనుము క్షార నేలలోనూ విడిపోదు, ఈడీటీఏ అనే మరో రసాయనంతో జతకట్టినది విడిపోతుంది. రెండు సంచుల మీదా చిలేటెడ్ ఐరన్ (జతకట్టిన ఇనుము) అనే ఉంటుంది, ధరలో ఎంతో తేడా. ఆ తేడాకు కారణం ఇదే.

కాల్షియం కూడా లోహమే. దానితో పోలిస్తే ఇనుము నయం. కాల్షియం పోషక కణజాలంలో దాదాపు కదలదు. వేరుశనగ కాయ నేలలో ఉంటుంది, నీటిని ఆవిరి చేయదు, కాబట్టి వేరు తీసుకున్న కాల్షియం ఆకులకు పోతుంది తప్ప కాయకు దిగిరాదు. కాయ తనకు కావలసింది తన చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకుంటుంది. తొలి పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర, ఊడలు దిగే చోట వేయడం వెనుక ఉన్న తర్కం ఇదే.

పాలిపోయిన ఆకులో కూడా ఇనుము ఉంటుందా?

ఉంటుంది. ఒక్కోసారి పచ్చని ఆకులో ఉన్నంతే ఉంటుంది. శాస్త్రవేత్తలను దశాబ్దాలుగా ఇబ్బంది పెట్టిన సంగతి ఇది. ఆకు ఎండబెట్టి, బూడిద చేసి, మొత్తం ఇనుము కొలిస్తే లోపం ఉన్న మొక్కా, లేని మొక్కా ఒకేలా కనిపించవచ్చు.

దీనికి రెండు వివరణలు ఉన్నాయి. ఆకుదాకా వచ్చిన ఇనుము కణాల బయటి గోడల్లో, పీహెచ్ పెరగడం వల్ల, కరగని రూపంలో చిక్కుకుపోతోందని ఒక వర్గం అంటుంది. ఆకులో ఇనుము ఉన్నా కణంలోకి పోలేదన్నమాట. ఇనుము చాలక ఆకు ఎదుగుదలే ఆగిపోతోందని, చిన్న ఆకులో కొద్దిపాటి ఇనుము కూడా గ్రాముకు లెక్కేస్తే ఎక్కువగా కనిపిస్తోందని రెండో వర్గం అంటుంది. మొదటి వాదం నిజమైతే ఆకు మీద పలుచని ఆమ్లం చల్లినా పచ్చబడాలి. కొన్ని ప్రయోగాల్లో అలా జరిగింది, అన్నింట్లో జరగలేదు. ఆకుకు మొత్తం ఎంత ఇనుము చేరిందో లెక్కిస్తే, పాలిపోయిన ఆకుకు చేరిందే తక్కువని చూపిన ప్రయోగాలు రెండో వాదాన్ని బలపరుస్తాయి. రెండూ కొంత కొంత నిజమయ్యే అవకాశం ఉందని, పంటను బట్టి పాళ్లు మారతాయని నాకు అనిపిస్తుంది.

పరీక్ష చేయించుకునే రైతుకు మాత్రం దీనివల్ల ఒక సంగతి తేలుతుంది. మొత్తం ఇనుము అంకె నమ్మదగింది కాదు. 1980లో కాత్యాల్, శర్మ అనే భారత శాస్త్రవేత్తలు పచ్చి ఆకు నుంచి ఫెర్రస్ ఇనుమును మాత్రమే రాబట్టి కొలిచే పద్ధతిని ప్రతిపాదించారు. ఆ అంకె పచ్చదనంతో మెరుగ్గా సరిపోతుంది.

ఇంకో అపోహ ఉంది. పత్రహరితంలో ఇనుము ఉంటుందని చాలామంది అనుకుంటారు. దాని నడుమ ఉండే లోహం మెగ్నీషియం. కానీ పత్రహరితం తయారయ్యే మెట్లలో ఇనుము ఉన్న ఎంజైములు కావాలి, కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్లకూ ఇనుము కావాలి. ఆకు కణంలోని ఇనుములో సుమారు 80 శాతం పత్రహరితం ఉండే హరితరేణువుల్లోనే ఉంటుంది.

వేరుశనగకు దీనికి తోడు వేరు బుడిపెల ఖర్చు కూడా ఉంది. గాలిలోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైమ్‌కు ఇనుము తప్పనిసరి. చురుకైన బుడిపెను చిదిమితే కనిపించే గులాబీ రంగు ఇనుము ఉన్న లెగ్‌హీమోగ్లోబిన్‌ది. ఇనుము తగ్గితే బుడిపెలు సరిగా ఏర్పడవు, అప్పుడు నత్రజని కూడా చాలదు. చిగురు పసుపు, కింది ఆకు పసుపు ఒకే మొక్కలో కనిపించి గందరగోళపెట్టేది అప్పుడే.

దాచుకోవడం: ఎంత అన్నదానికంటే ఎక్కడ

అవసరానికి మించిన ఇనుమును మొక్క దాచే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి రిక్తిక, కణం మధ్యలో ఉండే పెద్ద సంచి. రెండోది ఫెరిటిన్ అనే ప్రోటీన్. 24 ముక్కలు కలిసి ఏర్పడే ఈ గుండ్రని ప్రోటీన్ లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో 4,500 దాకా ఇనుప పరమాణువులు పట్టగలవు. మొక్కల్లో ఇది ఎక్కువగా హరితరేణువుల్లో ఉంటుంది. బఠాణీ, సోయా వంటి పప్పుజాతి గింజల్లో ఇనుములో చెప్పుకోదగ్గ పాలు ఫెరిటిన్‌లో ఉంటుంది. ధాన్యపు గింజల్లో అయితే ఇనుము ఎక్కువగా పై పొరలో, మొలకలో, ఫైటేట్‌తో కలిసి ఉంటుంది. ఫైటేట్ అంటే గింజ ఫాస్ఫరస్‌ను దాచుకునే పదార్థం. ఒక్కో అణువుకు ఆరు ఫాస్ఫేట్ సమూహాలు ఉండటం వల్ల ఇనుము, జింకు, కాల్షియంలను గట్టిగా పట్టుకుంటుంది.

దాచే చోటు ఎంత ముఖ్యమో 2006లో ఒక ప్రయోగం తేల్చింది. అరబిడాప్సిస్‌లో ఇనుమును రిక్తికలోకి చేర్చే వీఐటీ1 అనే ప్రోటీన్ లేకుండా చేసి, గింజలను శక్తిమంతమైన ఎక్స్‌ కిరణాలతో చిత్రించారు. మామూలు గింజలో ఇనుము భవిష్యత్తులో ఈనెలుగా మారే కణాల చుట్టూ పేరుకుని ఉంది. మార్చిన గింజలో ఆ అమరిక చెదిరిపోయింది. మొత్తం ఇనుము మాత్రం రెండింట్లో ఒకటే. ఆ గింజలను క్షార నేలలో మొలకెత్తిస్తే మార్చిన వాటి మొలకలు సరిగా ఎదగలేకపోయాయి. నేల నుంచి ఇనుము అందని తొలి రోజుల్లో గింజలోని నిల్వే ఆధారం. ఆ నిల్వ అందుబాటులో లేకపోయింది. సున్నపు నేలల్లో సేద్యం చేసేవారికి ఈ ప్రయోగం ఎంతో దగ్గరిది.

ఇతర లోహాల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. వేరు దగ్గరి ఐఆర్‌టీ1 ప్రోటీన్ ఇనుమును మాత్రమే ఎంచుకోదు. జింకు, మాంగనీసు, కోబాల్ట్‌తో పాటు విషమైన కాడ్మియాన్ని కూడా రానిస్తుంది. ఇనుము ఆకలి ఎక్కువైన మొక్క ఈ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది కాబట్టి కాడ్మియం ఉన్న నేలలో అదీ ఎక్కువ వస్తుంది. కొన్ని మొక్కలు లోహాలను కావాలనే పోగుచేస్తాయి. న్యూ కాలెడోనియా దీవిలోని పిక్నాండ్రా అక్యుమినాటా చెట్టు పాలు నీలాకుపచ్చగా ఉంటాయి. ఆ పాల ఎండు బరువులో నికెల్ 25 శాతం దాకా ఉంటుంది. పురుగుల నుంచి రక్షణ కోసం అన్నది ఎక్కువమంది నమ్మే వివరణ.

గింజ నుంచి కంచానికి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల సజ్జల్లో ఇనుము సుమారు 6.4 మిల్లీగ్రాములు, రాగుల్లో 4.6, జొన్నల్లో 3.9, మరపట్టిన తెల్ల బియ్యంలో 0.65. వరి గింజలో కూడా పై పొరలో ఇనుము ఉంటుంది. తవుడుతో పాటు అది పోతుంది. సజ్జను గింజ మొత్తంగా పిండి పట్టిస్తాం కాబట్టి పోదు.

బియ్యానికి ఇనుము చేర్చే పథకం ఈ లెక్క మీదే నిలబడింది. ప్రభుత్వ పథకాల బియ్యాన్ని 2024 నాటికి బలవర్ధకం చేస్తామని ప్రధాని 2021 ఆగస్టు 15న ప్రకటించారు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. ఒక బిడ్డ రోజుకు 150 గ్రాముల బియ్యం తింటే మామూలు బియ్యం నుంచి సుమారు 1 మిల్లీగ్రాము, బలవర్ధక బియ్యం నుంచి 4.2 నుంచి 6.4 మిల్లీగ్రాములు అందుతాయి. 100 గ్రాముల సజ్జ పిండితో చేసిన రొట్టెల నుంచి కూడా దాదాపు అంతే.

అయితే తిన్నది ఒంటబట్టాలి. మన పేగు చేసే పని వేరుశనగ వేరు చేసే పనికి బాగా దగ్గర. జీర్ణాశయపు ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది, పేగు పొర మీద ఎంజైమ్ దాన్ని ఫెర్రస్‌గా మారుస్తుంది, ఒక ప్రోటీన్ లోపలికి దాటిస్తుంది. నిమ్మ, ఉసిరిలోని విటమిన్ సి మధ్య మెట్టుకు సాయపడుతుంది. ఫైటేట్ అడ్డుపడుతుంది. శాకాహార భోజనంలోని ఇనుములో సాధారణంగా పదో వంతు కూడా ఒంటబట్టదు. గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైమ్ ఫైటేట్‌ను విడగొట్టి మొలకకు ఇనుము అందిస్తుంది. మొలకెత్తించిన రాగుల పిండి వాడే ఇళ్లలో ఆ మేలు పిల్లలకూ కొంత దక్కుతుంది. పప్పుల్లోని ఫెరిటిన్ మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఫెరిటిన్ ప్రోటీన్ కవచంతో సహా పేగు దాకా చేరి, ఫైటేట్ బారిన పడకుండా ఒంటబడుతుందని కొందరు చెబుతారు. జీర్ణాశయంలోనే అది విచ్చుకుపోయి అందులోని ఇనుము మిగతా ఇనుముతో కలిసిపోతుందని మరికొందరు చూపారు.

బలవర్ధక బియ్యాన్ని సమర్థించేవారి వాదనలో బలముంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అందరూ తినేది అన్నమే కాబట్టి అందరికీ చేరే దారి అదే. వ్యతిరేకించేవారి మాటలోనూ బలముంది. రక్తహీనతంతా ఇనుము లోపం వల్ల రాదు, బీ12, ఫోలేట్ లోపాలు, అంటువ్యాధులు కూడా కారణాలే. తలసీమియా వంటి జబ్బులున్నవారికి అదనపు ఇనుము మంచిది కాదు. పైగా బియ్యం రంగు, రుచి మారకుండా ఉండేందుకు వాడే ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ నీటిలో సరిగా కరగదు, ఫెర్రస్ సల్ఫేట్ కంటే తక్కువగా ఒంటబడుతుంది.

మొక్కతోనే ఎక్కువ ఇనుము దాపించాలన్నది మూడో దారి. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు సోయా ఫెరిటిన్ జన్యువును వరి గింజలో పనిచేయించి ఇనుమును మూడు రెట్ల దాకా పెంచారు. జన్యువులను మార్చకుండా, మామూలు ప్రజననంతోనే ఇక్రిశాట్ ధనశక్తి అనే సజ్జ రకాన్ని తెచ్చింది. అందులో కిలోకు సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కొత్త సజ్జ రకాలకు కిలోకు కనీసం 42 మిల్లీగ్రాములు ఉండాలని 2018లో జాతీయ స్థాయిలో నియమం పెట్టారు. ఇనుము ఎక్కువున్న సజ్జలు తిన్న మహారాష్ట్ర బడి పిల్లల్లో, ముఖ్యంగా మొదట్లో ఇనుము లోపం ఉన్నవారిలో, శరీరంలోని ఇనుము నిల్వలు మెరుగయ్యాయని 2015లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ముంబై మురికివాడల్లో ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న పిల్లల మీద చేసిన తర్వాతి అధ్యయనంలో మొత్తంమీద అలాంటి తేడా తేలలేదు. ఈ వయసు పిల్లలు ఒక పూటకు తినగలిగే సజ్జ ఎంతో కొద్ది, వారికి అంటువ్యాధుల బెడదా ఎక్కువ. కాబట్టి ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. రాయలసీమ అంగన్‌వాడీల్లో సజ్జలు, రాగులు, బలవర్ధక బియ్యం వీటిలో ఏది మేలో తూచేవారు గింజలోని మిల్లీగ్రాములతో పాటు తినే బిడ్డ వయసును, పూటకు తినగలిగే మోతాదును, పక్కన ఉన్న కూరను కూడా లెక్కలో వేయాలి.